రాత్రిళ్లు పళ్లు కొరుకుతున్నారా? నైట్ గార్డ్ చేయించుకోవడం, వాడుకోవడం ఎలా

నాలుగేళ్ల కిందట ఓ ఆదివారం ఇడ్లీ తింటుంటే నోట్లో రాయి తగిలింది. తీసి చూస్తే రాయి కాదు, నా దవడ పన్ను ముక్క. ఆ పన్నుకి పుచ్చు లేదు, దెబ్బా తగల్లేదు. ఇడ్లీకి విరిగే పన్నేమిటని నవ్వుకుంటూనే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పన్ను సంగతి తర్వాత చూద్దామని, ముందు నాలుక బయటపెట్టమన్నారు. "అంచుల వెంట ఈ నొక్కులు ఎప్పుడైనా చూసుకున్నారా?" అంటూ అద్దం చేతికిచ్చారు. కజ్జికాయ అంచు నొక్కినట్టు నాలుకకి రెండు పక్కలా వరసగా పళ్ల గుర్తులు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "రాత్రిళ్లు మీరు పళ్లు కొరికే చప్పుడుకి నాకెన్నిసార్లు మెలకువొచ్చిందో. పొద్దున చెబితే నమ్మేవారా?" అంది. మా అమ్మ ఇంకా వెనక్కి వెళ్లింది: "చిన్నప్పుడూ కొరికేవాడివిరా. కడుపులో పురుగులేమోనని మందు కూడా వేయించా."

అప్పటినుంచి ఇప్పటికి మూడు నైట్ గార్డులయ్యాయి, అంటే రాత్రి పడుకునేటప్పుడు పళ్లకి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగులు. మొదటిదాన్ని కొరికి చిల్లు పెట్టాను. రెండోదాన్ని వేడినీళ్లలో వేసి పాడుచేశాను. మూడోది బాగా నడుస్తోంది. ఆ రెండు తప్పులూ మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. డాక్టర్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదీ, వాడుతూ నేర్చుకున్నదీ చెబుతున్నా.

ఒక మాట ముందే చెప్పాలి. నైట్ గార్డ్ పళ్లు కొరకడాన్ని ఆపదు. హెల్మెట్ పెట్టుకుంటే యాక్సిడెంట్లు ఆగవు కదా, తల మిగులుతుంది. ఇదీ అంతే. కొరుకుడు గార్డ్ మీద పడుతుంది, పళ్లు మిగులుతాయి. దవడ నొప్పి తగ్గాలంటే గార్డ్‌తో పాటు పగటిపూట మీరు చేయాల్సిన పని కూడా ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు తేల్చుకోండి: మీరు నిజంగా కొరుకుతున్నారా, ఎప్పుడు?

నిద్రలో చేసే పని మనకి తెలియదు. పక్కన పడుకునేవాళ్లని అడగండి. ఒంటరిగా ఉంటే పొద్దున లేవగానే మంచం మీదే ఒక్క నిమిషం గమనించుకోండి. చెంపలు బిగుసుకుపోయి ఉన్నాయా? కణతల దగ్గర తలనొప్పి ఉందా? నోరు తెరుస్తుంటే చెవి ముందు పట్టేసినట్టుందా? తర్వాత అద్దం ముందు నిలబడి పైన, కింద కోరపళ్ల కొసలు చూడండి. కోరపన్ను మొన తేలి ఉండాలి. అది అరిగి బల్లపరుపుగా ఉంటే కొరుకుతున్నారని అనుమానించాలి. చెంప లోపలివైపు పళ్లు కలిసే ఎత్తులో తెల్లటి గీత, నాలుక అంచు నొక్కులు, చల్లనీళ్లకి జివ్వుమనడం, వేయించిన ఫిల్లింగులు మాటిమాటికీ ఊడిపోవడం కూడా ఈ బాపతే.

చప్పుడు లేదంటే కొరకడం లేదని కాదు. కొందరు పళ్లు నూరరు, గట్టిగా బిగించి పట్టుకుంటారు. చప్పుడే ఉండదు కాబట్టి పక్కవాళ్లకీ తెలియదు. దవడ నొప్పితో వచ్చేవాళ్లలో ఈ బిగింపు బాపతు వాళ్లు చాలామందే ఉంటారట.

ఇంకో సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. నొప్పి పొద్దున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గిపోతుంటే రాత్రి కొరుకుడు. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి పెరుగుతుంటే పగలు మీకు తెలియకుండా పళ్లు బిగిస్తున్నారు. రెండోదానికి రాత్రి పెట్టుకునే గార్డ్ పెద్దగా చేసేదేమీ లేదు. చాలామందికి రెండూ ఉంటాయి. రెండు వారాలపాటు ఫోన్‌లో రోజుకో లైను రాసుకోండి: పొద్దున నొప్పి పదికి ఎంత, సాయంత్రం ఎంత, కాఫీలు ఎన్ని, ఎన్నింటికి పడుకున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ లైన్లే సగం పని చేసిపెడతాయి.

అసలు ఎందుకు కొరుకుతామంటే, వంకర పళ్ల వల్ల అని ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. నిద్ర పలచబడి మెదడు కొన్ని క్షణాలు మెలకువ వైపు వచ్చినప్పుడు గుండె వేగం పెరిగి, ఆ వెంటనే దవడ కండరాలు పనిచేస్తాయి. టెన్షన్, కాఫీ, మద్యం, సిగరెట్ దీన్ని పెంచుతాయి. డిప్రెషన్‌కి, ఆందోళనకి వాడే సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి మాత్రలతో కూడా కొందరికి మొదలవుతుంది. అలాగని మాత్రలు మీకు మీరే ఆపేయొద్దు, రాసిచ్చిన డాక్టర్‌కి చెప్పండి. మోతాదు మార్చొచ్చు, మందే మార్చొచ్చు. 2018లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో దీన్ని జబ్బు అనక్కర్లేదు, కండరాలు చేసే ఒక పని అంటే చాలని తేల్చారు. పళ్లు అరుగుతుంటేనో, నొప్పి ఉంటేనో పట్టించుకోవాలి. ఎప్పుడో ఒక రాత్రి కొరికితే గార్డ్ అక్కర్లేదు.

పిల్లల సంగతి అడుగుతారు. నులిపురుగుల మందు వేయించడం మంచిదే, కానీ పళ్లు కొరకడానికి పురుగులే కారణమని చెప్పలేం. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్న వయసులో నైట్ గార్డ్ మామూలుగా ఇవ్వరు. దవడ పెరుగుతూ ఉంటుంది, గార్డ్ నాలుగు రోజులకే పట్టదు. ఎక్కువమందికి పెరిగేకొద్దీ దానంతటదే తగ్గిపోతుంది. పిల్లాడు గురక పెడుతూ నోటితో గాలి పీలుస్తుంటే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

గార్డ్ కంటే ముందు చూసుకోవాల్సినవి

మీకు గట్టిగా గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నారా, ఎంతసేపు పడుకున్నా పగలు తూగుతున్నారా? అయితే ముందు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే సమస్య) ఉందేమో చూపించుకోండి. పళ్లు కొరకడం, ఆప్నియా చాలాసార్లు ఒకే మనిషిలో కనిపిస్తాయి. మామూలు నైట్ గార్డ్ వల్ల కొందరిలో ఊపిరి సమస్య ఇంకా పెరగొచ్చు. వాళ్లకి వేరే రకం పరికరం అవసరమవుతుంది.

పుచ్చు పళ్లు, సగంలో ఆగిన రూట్ కెనాల్, వేయించాల్సిన క్యాప్ ఉంటే అవి ముందు పూర్తి చేయించండి. గార్డ్ మీ పళ్ల ఆకారానికి అచ్చంగా చేస్తారు. ఆ తర్వాత క్యాప్ వేయిస్తే పన్ను ఆకారం మారిపోయి గార్డ్ పట్టదు, డబ్బు రెండుసార్లు పెట్టాలి. కదులుతున్న పళ్లు, వాచిన చిగుళ్లు ఉన్నా ముందు వాటి వైద్యం. పళ్ల వరస సరిచేయడానికి క్లిప్పులు, అలైనర్లు (తీసి పెట్టుకునే పారదర్శక తొడుగులు) వాడుతున్నవాళ్లు ఆ డాక్టర్‌నే అడగాలి.

నోరు ఎంత తెరుచుకుంటోందో చూడండి. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ ఒకదాని మీద ఒకటిగా ముందుపళ్ల మధ్య పట్టాలి. రెండు వేళ్లే పడుతున్నా, దవడ మధ్యలో ఇరుక్కుపోతున్నా బజారు గార్డుల జోలికి పోకుండా డెంటిస్ట్‌కి చూపించండి. దవడ వాచి జ్వరం ఉంటే ఆగొద్దు. యాభై దాటినవాళ్లకి కొత్తగా కణతల నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక కలిసి వస్తే అది రక్తనాళాల వాపు కావొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, చేయి లాగడం ఉంటే అది పళ్ల సంగతి కానే కాదు. 108కి ఫోన్ చేయండి.

ఏ గార్డ్?

ఆన్‌లైన్లో, మందుల షాపుల్లో దొరికేది వేడినీళ్లలో వేసి మెత్తబడ్డాక కొరికి అచ్చు చేసుకునేది. నా మొదటిది అదే. లావుగా, నోట్లో చెప్పు పెట్టుకున్నట్టు ఉంటుంది. ఆరు వారాలకి కుడిపక్క చిల్లు పడింది. డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ దొరికేలోపు, లేదా ఊళ్లు తిరుగుతున్నప్పుడు కొద్దిరోజులకి పరవాలేదు. నెలల తరబడి దాంతో గడిపేద్దామంటే మాత్రం నేను వద్దంటాను. సరిగ్గా అచ్చు పడకపోతే బరువంతా ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది.

డెంటిస్ట్ చేయించి ఇచ్చేవాటిలో మెత్తది ఒకటి. రబ్బరులా ఉంటుంది, ధర తక్కువ, పెట్టుకోగానే హాయిగా ఉంటుంది. కొంచెంగా కొరికేవాళ్లకి చాలు. గట్టిగా కొరికేవాళ్లు దీన్ని నెలల్లోనే తినేస్తారు. ఇంకో చిక్కేమిటంటే, మెత్తగా ఉండేసరికి కొందరు చూయింగ్ గమ్‌లా ఇంకా ఎక్కువ నములుతారు. పొద్దున నొప్పి తగ్గకపోగా పెరిగిందంటే అదే అయి ఉంటుంది.

గట్టిది యాక్రిలిక్‌తో చేస్తారు, కట్టుడు పళ్ల చిగురు భాగం చేసే పదార్థమే, కాకపోతే రంగు ఉండదు. పళ్లన్నిటినీ కప్పుతుంది, ఎదుటి వరస పళ్లు తగిలే పైభాగం నున్నగా ఉంటుంది. దవడ నొప్పి ఉన్నవాళ్లకి, పళ్లు బాగా అరిగినవాళ్లకి ఎక్కువమంది డాక్టర్లు చెప్పేది ఇదే. అలవాటు కావడానికి టైం పడుతుంది, ఖరీదు ఎక్కువ, కానీ సరిగ్గా చూసుకుంటే కొన్నేళ్లు వస్తుంది. లోపల మెత్తగా, బయట గట్టిగా ఉండే రెండు పొరల రకం కూడా ఉంది. నా మూడోది అదే.

ముందు నాలుగు పళ్లకే పెట్టే చిన్న ముక్క లాంటివి కూడా అమ్ముతారు. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాటిని వాడొద్దు. వెనక పళ్లకి తగలడానికి ఏమీ లేకపోతే అవి మెల్లగా పైకి పెరిగి, కొన్నాళ్లకి ముందుపళ్లు కలవకుండా పోయే ప్రమాదం ఉంది.

కొలతలు ఇచ్చే రోజు, పెట్టించుకునే రోజు

మామూలుగా రెండు సిట్టింగులు. మొదటి రోజు కొలత తీస్తారు. కొన్నిచోట్ల స్కానర్ నోట్లో తిప్పి కంప్యూటర్లో బొమ్మ తీస్తున్నారు. చాలాచోట్ల ఇంకా ట్రేలో మెత్తటి ముద్ద పెట్టి పళ్ల మీద నొక్కే పద్ధతే. ముద్ద గొంతు వైపు జారినట్టనిపించి వాంతి వచ్చేలా ఉంటుంది. తల కొంచెం ముందుకి వంచి, ముక్కుతో గాలి పీలుస్తూ, కుర్చీలో ఒక కాలు పైకెత్తి దాని మీదే ధ్యాస పెట్టండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. కడుపు నిండా తిని మాత్రం వెళ్లకండి.

ఆ రోజే నాలుగు ప్రశ్నలు అడిగేయండి. ఇది గట్టిదా, మెత్తదా? పై పళ్లకా, కింద పళ్లకా, ఎందుకు? తర్వాత సరిచేయించుకోవడానికి వస్తే మళ్లీ డబ్బు తీసుకుంటారా? కొద్దిరోజుల్లోనే పగిలితే ఏమిటి పరిస్థితి? ఖర్చు భారమనుకుంటే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ఓపీలో పేరు రాయించుకుని కట్టుడు పళ్ల విభాగంలో అడగండి. పొద్దున పెందలాడే వెళ్లాలి, ఓపిక ఉండాలి.

రెండో సిట్టింగ్‌ని తేలిగ్గా తీసుకోకండి. గార్డ్ మంచిదా కాదా అనేది సగం ల్యాబ్‌లో, సగం ఈ కుర్చీలో తేలుతుంది. పెట్టగానే చిన్న చప్పుడుతో పట్టి, ఊగకుండా ఉండాలి. తర్వాత డాక్టర్ పలచటి నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి "టకటకా కొరకండి, ఇప్పుడు పక్కకి జరపండి" అంటారు. తీసి చూస్తే గార్డ్ మీద నీలం చుక్కలు పడతాయి. నాకు మొదటిసారి కుడివైపు ఒకటే ముదురు చుక్క, ఎడమవైపు అసలేమీ లేదు. అంటే రాత్రంతా బరువు మొత్తం ఆ ఒక్క చోటే పడుతుందన్నమాట. ఆవిడ చిన్న మిషన్‌తో ఆ చుక్కని గీకారు, తెల్లటి పొడి రాలింది, మళ్లీ కాగితం, మళ్లీ చుక్కలు. అలా ఏడెనిమిదిసార్లు చేశాక రెండువైపులా వెనక పళ్లకి ఒకే రకం చుక్కలు వరసగా పడ్డాయి. ఈ కాగితం పని చేయకుండా గట్టి గార్డ్ డబ్బాలో పెట్టి చేతికిస్తే తీసుకోకండి. "ఒకసారి బైట్ చూడండి సార్" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. చిగురుకి గుచ్చుకునే అంచులున్నా అక్కడే చెప్పండి. వారం రెండు వారాల తర్వాత ఇంకోసారి రమ్మంటారు. నొప్పి లేకపోయినా వెళ్లాలి, కండరాలు సడలాక దవడ కొద్దిగా జరిగి చుక్కలు మారతాయి.

మొదటి రెండు వారాలు

పడుకునే ముందు పాలు తాగే అలవాటుంటే పాలు తాగి, పళ్లు తోముకుని, ఆ తర్వాతే గార్డ్. పెట్టుకున్నాక మంచినీళ్లు తప్ప ఏదీ తాగొద్దు. తీపి గార్డ్ కింద చేరితే రాత్రంతా పళ్లకి అంటుకునే ఉంటుంది. గార్డ్‌ని తడిపి, రెండు బొటనవేళ్లతోనో చూపుడు వేళ్లతోనో రెండువైపులా సమంగా నొక్కి పెట్టుకోండి. నోట్లో వేసుకుని కొరికి సర్దుకోవద్దు, పగిలేది అలాగే. తీసేటప్పుడు కూడా ఒకవైపు నుంచి లాగకుండా రెండువైపులా వెనక నుంచి వదులు చేయండి.

మొదటి రాత్రులు నోట్లో లాలాజలం ఊరుతుంది, మాట ముద్దగా వస్తుంది, పళ్లు నొక్కినట్టుంటుంది. మూడు నాలుగు రోజులు పడుకునే ముందు ఓ గంట టీవీ చూస్తూనో, పుస్తకం చదువుతూనో పెట్టుకుని ఉంటే నోరు అలవాటు పడుతుంది. పొద్దున లేచేసరికి గార్డ్ దిండు కింద కనిపించిందా? అందరికీ జరిగేదే, నిద్రలో మీరే తీసేశారు. మళ్లీ పెట్టుకుంటూ పోవడమే. నాకు కుదురుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది.

పొద్దున తీయగానే పళ్లు కొత్తగా కలుస్తున్నట్టు కొద్దినిమిషాలు అనిపించొచ్చు. టిఫిన్ టైంకి కూడా అలాగే ఉంటే, ఏదో ఒక పన్ను రోజూ నొప్పిగా ఉంటే, చిగురు పుండు పడితే వాడటం ఆపి డాక్టర్‌కి చూపించండి. రెండు మూడు వారాలకి పొద్దున్నొప్పి ఎంతోకొంత తగ్గాలి. పెరిగిందంటే "అలవాటవుతుందిలే" అని ఓర్చుకోకండి.

శుభ్రం చేసే పద్ధతి (నేను పాడుచేసిన పద్ధతి కూడా)

తీసిన వెంటనే చల్లనీళ్లతో కడగాలి. ఎండిపోయిన లాలాజలం గట్టిపడితే తర్వాత వదలదు. గార్డ్‌కి విడిగా ఒక మెత్తటి బ్రష్ పెట్టుకుని, ఒక చుక్క లిక్విడ్ సోప్‌తో లోపలా బయటా రుద్ది కడగండి. పేస్టు వద్దు. పేస్టులో పళ్లని పాలిష్ చేసే గరుకు పొడి ఉంటుంది, అది ప్లాస్టిక్ మీద సన్నటి గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే క్రిములు, వాసన.

నా రెండో గార్డ్ కథ ఇక్కడ. జలుబు చేసి లేచాక, క్రిములన్నీ చావాలని టీ కాచిన గిన్నె పక్కనే మరుగుతున్న నీళ్లలో గార్డ్‌ని వేశాను. తీస్తే చూడ్డానికి ఏమీ తేడా లేదు. రాత్రి పెట్టుకుంటే వెనక భాగం పళ్ల మీదికి దిగదు. వెంట్రుకవాసి వంగినా అంతే, మళ్లీ సరిచేయడం కుదరదని ల్యాబ్‌వాళ్లు తేల్చేశారు. వేడినీళ్లు, డిష్‌వాషర్, మే నెలలో కారు డాష్‌బోర్డ్, ఎండ తగిలే కిటికీ గూడు, ఇవన్నీ గార్డ్‌కి ఒకటే.

వారానికోసారి కట్టుడు పళ్లకి వాడే టాబ్లెట్‌ని నీళ్లలో వేసి, ప్యాకెట్ మీద రాసినంతసేపు నానబెట్టండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కొన్ని వారాలకే గార్డ్ మీద తెల్లటి పొర కడుతుంది, బకెట్ అంచున కట్టే ఉప్పు లాంటిది. తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి అరగంట ఉంచి బ్రష్‌తో రుద్దితే పోతుంది. మా ఇంట్లో చివరి కడుగు ఫిల్టర్ నీళ్లతో చేయడం మొదలుపెట్టాక ఆ బెడద తగ్గింది.

తడిగా డబ్బాలో పెట్టి మూత బిగించొద్దు. విదిలించి, కాసేపు ఆరనిచ్చి, చిల్లులున్న డబ్బాలో పెట్టండి. వానాకాలం ఫ్యాను కింద ఆరబెట్టాల్సిందే. డబ్బాని కూడా కడగాలి, అది చాలామంది మరిచిపోతారు. టిష్యూలో చుట్టి మాత్రం ఎక్కడా పెట్టకండి, చెత్తనుకుని పారేస్తారు. పెళ్లివారిళ్లలో అయితే చెప్పే పనే లేదు. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందని ఎత్తులో పెట్టండి. ఉమ్మి వాసనకి గార్డ్ అంటే వాటికి మహా ఇష్టం.

పగటి పని: దవడని వదిలేయడం నేర్చుకోండి

అసలు ఫలితం ఇక్కడుంది. నోరు మూసుకుని ఊరికే ఉన్నప్పుడు పై పళ్లు, కింద పళ్లు తగలకూడదు. చాలామందికి ఈ సంగతే తెలియదు, నాకూ నలభై ఏళ్లొచ్చాకే తెలిసింది. పెదాలు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి. నాలుక ఎక్కడ పెట్టాలో తెలియకపోతే "న" అని పలకబోయి ఆగిపోండి. నాలుక కొన ఆనిన చోటికి కాస్త వెనకగా అంగిటి మీద దాన్ని ఊరికే ఉంచండి. అక్కడ నాలుక ఉంటే పళ్లు బిగించడం కష్టం.

చదివితే తేలిక, రోజంతా గుర్తుండటమే కష్టం. మా ఆవిడ స్టిక్కర్ బొట్లు మూడు తీసుకుని ఒకటి కంప్యూటర్ మూల, ఒకటి ఫోన్ వెనక, ఒకటి బండి స్పీడోమీటర్ పక్కన అంటించాను. బొట్టు కంటపడ్డప్పుడల్లా దవడ ఎలా ఉందో చూసుకోవడం, బిగిసి ఉంటే గాలి వదులుతూ వదిలేయడం. మొదటి రోజు ముప్పైసార్లు చూసుంటే ముప్పైసార్లూ బిగించే ఉన్నాను. ముఖ్యంగా సిగ్నల్ దగ్గర, మీటింగుల్లో మాట్లాడకుండా వింటున్నప్పుడు, సన్న అక్షరాలు చదివేటప్పుడు. మీ బొట్టు ఎక్కడ అంటించాలో మీకు రెండు రోజుల్లో తెలిసిపోతుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకోవడం, పెన్ను కొరకడం, గోళ్లు కొరకడం మానండి. కాఫీ టీలు సాయంత్రం నాలుగు తర్వాత వద్దు. మందు తాగిన రాత్రి కొరుకుడు ఎక్కువని మీ ఫోన్ లైన్లే చెబుతాయి.

నొప్పి ఎక్కువైన రోజుల్లో తడి తువ్వాలు వేడిచేసి చెంపల మీద పదిహేను నిమిషాలు పెట్టండి, రోజుకి రెండుసార్లు. పళ్లు ఒకసారి బిగిస్తే చెంప వెనకభాగంలో ఉబ్బే కండరం వేళ్లకి తెలుస్తుంది. పళ్లు వదిలేసి, అక్కడే రెండు వేళ్లతో మెల్లగా గుండ్రంగా ఓ నిమిషం రుద్దండి. వారం పది రోజులు పప్పన్నం, పెరుగన్నం, ఉప్మా, ఇడ్లీలతో గడపండి. సకినాలు, చేగోడీలు, చెరకు, వక్కలు, మటన్ బొక్కలు, చూయింగ్ గమ్ పక్కన పెట్టండి. జామకాయ తినాలంటే ముక్కలు కోసుకోండి, కొరక్కండి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు మరీ తెరుచుకోకుండా ఆపండి. దవడ టక్కుమంటోందని దాన్ని కావాలని మాటిమాటికీ టక్కుమనిపించి చూసుకోవద్దు. నొప్పి లేకుండా టక్కుమనడం చాలామందికి ఉంటుంది, దానికి వైద్యం అక్కర్లేదు. నొప్పి మాత్రలు రెండు మూడు రోజులకి మించి వేసుకోవాల్సి వస్తే డాక్టర్‌ని అడగాలి. బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్లు మొదటి మాత్రకే అడగాలి. ఇంతా చేసి తగ్గకపోతే ఫిజియోథెరపీ ఉంది. చెంప కండరంలో బొటాక్స్ ఇంజక్షన్ కూడా ఇస్తారు, కానీ దాని పని కొన్ని నెలలే. అది చివరి మాట, మొదటిది కాదు.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి

అమెరికాలో చేయించుకుంటే ఖర్చు బాగానే అవుతుంది. కొలత ఇచ్చే ముందే డెంటల్ ఇన్సూరెన్స్‌ని కోడ్ చెప్పి అడగండి: పళ్లన్నిటినీ కప్పే గట్టిదానికి డి9944, మెత్తదానికి డి9945. కొన్ని ప్లాన్లు ఇస్తాయి, కొన్ని ఇన్నేళ్లకి ఒకటే అంటాయి. సెలవుల్లో ఇండియా వచ్చి చేయించుకునేవాళ్లు చుట్టాల పలకరింపులయ్యాక చూద్దామనుకోకుండా, దిగిన మొదటి వారంలోనే కొలత ఇచ్చేయండి. గార్డ్ చేతికొచ్చాక కనీసం పది రాత్రులు వాడి, ఒకసారి చుక్కలు సరిచేయించుకుని విమానం ఎక్కాలి. ఎయిర్‌పోర్టుకి వెళ్తూ దారిలో గార్డ్ తీసుకెళ్లిన మా చుట్టాలబ్బాయి అక్కడ దాన్ని సరిచేయించడానికి కొత్తదానికయ్యేంత పెట్టాడు.

ఎప్పుడు మార్చాలి

నెలకోసారి గార్డ్‌ని కడిగి తుడిచి, ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూడండి. కొరికిన చోట అరిగి పలచబడితే అక్కడ వెలుతురు ఎక్కువగా దిగుతుంది. సన్నటి పగులు ఉంటే వెంట్రుకలా గీత కనిపిస్తుంది. చిల్లు పడినా, పగులు కనిపించినా, ఇదివరకులా గట్టిగా పట్టకుండా ఊగుతున్నా దాని పని అయిపోయినట్టే. ఫిల్లింగ్, క్యాప్ ఏది కొత్తగా వేయించినా గార్డ్‌ని వెంట తీసుకెళ్లి అప్పటికప్పుడే పెట్టి చూపించండి. ఆరు నెలల చెకప్‌కి వెళ్లినా అంతే. కొత్తదానికి కొలత ఇచ్చాక ల్యాబ్ నుంచి రావడానికి వారం పైనే పట్టొచ్చు కాబట్టి, పాతది పగలకుండా ఇంకా పడుతూనే ఉంటే కొత్తది కుదురుకునేదాకా పారేయకండి.